టీఏలో చేరితే స్కౌట్ అవుతామా?

హనుమకొండ జేఎన్‌ఎస్ స్టేడియంలో తెల్లవారకముందే సందడి మొదలవుతుంది. చీకట్లో బూట్ల చప్పుడు, ఎవరో ఒకరి చేతిలో స్టాప్‌వాచ్ వెలుగు. సగం మంది కానిస్టేబుల్ నోటిఫికేషన్ మీద ఆశతో, మిగతా సగం అగ్నివీర్ ర్యాలీ కోసం ఉరుకుతుంటారు. మా అక్క కొడుకు ఈ రెండు గుంపుల్లోనూ లేడు. వాడికి 27 ఏళ్లు. నర్సంపేటలో ఒక ట్రాక్టర్ షోరూంలో సేల్స్ చూస్తాడు. అగ్నివీర్ వయసు ఎప్పుడో దాటిపోయింది. అయినా రోజూ వస్తాడు, నాలుగు రౌండ్లు కొడతాడు.

మొన్న ఒకరోజు రౌండ్లు అయ్యాక చెమట తుడుచుకుంటూ అడిగాడు. “మామా, టీఏల చేరితే స్కౌట్ ట్రైనింగ్ ఇస్తరట గదా? తర్వాత పారా, కమాండో అన్నీ చెయ్యొచ్చట. ఉన్న నౌకరీ ఇడిచిపెట్టే పని గూడ లేదట.”

టీఏ అంటే టెరిటోరియల్ ఆర్మీ, వేరే పని చేసుకుంటూ పిలిచినప్పుడు వెళ్లే రిజర్వు సైన్యం. ఎక్కడ విన్నావురా అంటే రెండు చోట్లు చెప్పాడు. ఒకటి డాలస్‌లో ఉన్న మా దూరపు చుట్టాల అబ్బాయి. అక్కడి రిజర్వు దళం నేషనల్ గార్డ్‌లో స్కౌట్‌గా చేస్తూ వీడియోలు పంపుతుంటాడు. రెండోది మన దగ్గరే ఒక కోచింగ్ సెంటర్ కరపత్రం. దాని మీద ‘టీఏ స్కౌట్ కమాండో బ్యాచ్’ అని ఎర్రక్షరాల్లో ఉంది, కింద ఫీజు.

వాడన్న మాటల్లో పూర్తి అబద్ధం ఒక్కటీ లేదు. స్కౌట్లున్నారు, టీఏ ఉంది, టీఏలో పారాచూట్ బెటాలియన్లూ ఉన్నాయి, ఉద్యోగం చేసుకుంటూ చేరడమూ నిజమే. చిక్కల్లా వేర్వేరు దేశాలవి, వేర్వేరు బెటాలియన్లవి తెచ్చి ఒకే తాడుకు కట్టడంలో ఉంది. నేను సైనికుణ్ని కాను. డిగ్రీలో మూడేళ్లు ఎన్‌సీసీ చేసి ‘సి’ సర్టిఫికెట్ తెచ్చుకుని, తర్వాత పాఠాలు చెప్పే పనిలో పడ్డవాణ్ని. కానీ ఆ ముడి విప్పడానికి కావాల్సిన సంగతులన్నీ నోటిఫికేషన్లలో, చట్టంలో ఉన్నవే. కాస్త ఓపిగ్గా చదవాలంతే.

స్కౌట్ అనే మాటకు మూడు అర్థాలు

మొదటిది చిన్నది, కానీ అసలైనది. మన సైన్యంలో ఇన్‌ఫాంట్రీకి, అంటే పదాతి దళానికి, అన్నిటికన్నా చిన్న గుంపు సెక్షన్. పది మంది ఉంటారు. వాళ్లు గస్తీకి కదిలినప్పుడు అందరికన్నా ముందు నడిచే ఇద్దరే స్కౌట్ నంబర్ వన్, స్కౌట్ నంబర్ టూ. ఒకడు ముందుకు జరుగుతుంటే రెండోవాడు ఆగి వాడిని కాపు కాస్తాడు. మాటలుండవు, చేతి సైగలే. ఇది పోస్టు కాదు, నోటిఫికేషన్ రాదు. ఆ రోజు సెక్షన్ కమాండర్ ఎవరిని ముందు నడవమంటే వాళ్లే స్కౌట్లు. రెగ్యులర్ ఆర్మీలోనైనా, టీఏలోనైనా అంతే. ఆ లెక్కన టీఏ జవాను కూడా ఏదో ఒకరోజు స్కౌట్ అవుతాడు. పొద్దున నంబర్ వన్‌గా నడిచి, సాయంత్రం వంటశాల దగ్గర సెంట్రీగా నిలబడతాడు.

ఆ పని ఎలా ఉంటుందో నాకు ఎన్‌సీసీ క్యాంపులో కొద్దిగా తెలిసింది. ఫీల్డ్ క్రాఫ్ట్ క్లాసులో మా హవల్దార్ సాబ్ మొదట చెప్పే పాఠం ‘చీజేఁ క్యోఁ నజర్ ఆతీ హైఁ’. వస్తువులు కంటికి ఎందుకు కనిపిస్తాయి అని. ఆకారం వల్ల, నీడ వల్ల, మెరుపు వల్ల, కదలిక వల్ల, వెనకున్న ఆకాశం వల్ల. ఈ చివరిది మన ఊళ్లవాళ్లకు వెంటనే అర్థమవుతుంది. చెరువు కట్ట మీద నిలబడ్డ మనిషి మైలు దూరం నుంచి కనిపిస్తాడు, ఎందుకంటే వాడి వెనక ఆకాశం తప్ప ఇంకేమీ ఉండదు. అదే మనిషి కట్టకు నాలుగడుగులు కిందికి దిగి నడిస్తే తుమ్మ చెట్ల రంగులో కలిసిపోతాడు. స్కౌట్ అనేవాడు కట్ట దాటాల్సి వస్తే నిలబడి దాటడు, నేలకు అతుక్కుని దొర్లుతాడు.

రెండో పాఠం దూరం అంచనా. ధర్మసాగర్ చెరువు ఒడ్డున మమ్మల్ని వరుసగా కూర్చోబెట్టి, అవతలి గట్టు మీదున్న తాటిచెట్టు ఎంత దూరముందో కాగితం మీద రాయమన్నారు. నేను ధీమాగా 200 మీటర్లు అని రాశాను. అసలు దూరం దానికి రెట్టింపు పైచిలుకు. నాలాగే తప్పు రాసినవాళ్లు క్లాసులో సగం మంది. హవల్దార్ సాబ్ నవ్వి కారణం చెప్పాడు. మధ్యలో నీళ్లున్నా, పల్లం ఉన్నా, వెలుతురు బాగా పడుతున్నా, సూర్యుడు మన వీపు వెనక ఉన్నా వస్తువు ఉన్నదానికన్నా దగ్గరగా అనిపిస్తుంది. సూర్యుడు కళ్లలో పడుతున్నా, పడుకుని చూస్తున్నా, ఇరుకు సందులోంచి చూస్తున్నా దూరంగా అనిపిస్తుంది. స్కౌట్ పంపే కబురులో ఈ తప్పు దొర్లితే వెనక నుంచి పేలే మోర్టారు గుండు వేరే చోట పడుతుంది. ఇవన్నీ వీడియోల్లో కనిపించవు. ముఖానికి నల్లరంగు పూసుకుని తుపాకీ ఎత్తి ఉరకడమే కనిపిస్తుంది. స్కౌట్ పనిలో ముప్పాతిక వంతు కదలకుండా కూర్చోవడం, చూడటం, చూసింది చూసినట్టు చెప్పడం. చూసిన దానికి ఒక్క ముక్క కూడా సొంతంగా కలపకుండా చెప్పడం మరీ కష్టం.

రెండో అర్థం, పేరులోనే ‘స్కౌట్స్’ ఉన్న రెజిమెంట్లు. లద్దాఖ్ స్కౌట్స్ 1963లో, చైనా యుద్ధం ముగిసిన మరుసటి ఏడాదే ఏర్పడింది. ఆ కొండలు, ఆ చలి, ఆ గాలి పుట్టుకతోనే అలవాటైన స్థానికులే అందులో జవాన్లు. 1999లో కార్గిల్ యుద్ధంలో చోర్బత్ లా దగ్గర పోరాడి మహావీర్ చక్ర అందుకున్న మేజర్ సోనమ్ వాంగ్‌చుక్ వీళ్లతోనే ఉన్నాడు. ఆ యుద్ధం తర్వాతే లద్దాఖ్ స్కౌట్స్‌కు పూర్తి స్థాయి ఇన్‌ఫాంట్రీ రెజిమెంట్ హోదా వచ్చింది. ఆ తర్వాతి కాలంలో అరుణాచల్ స్కౌట్స్, సిక్కిం స్కౌట్స్ కూడా ఇదే పద్ధతిలో వచ్చాయి. ఇవి రిజర్వు దళాలు కావు, పూర్తి కాలం పనిచేసే సైన్యం. వరంగల్ కుర్రాడు ఎంత బాగా ఉరికినా వీటిలో జవానుగా చేరే దారి లేదు. ఇందులో అన్యాయమేమీ లేదు. ఏటూరునాగారం అడవిలో దారి తెలియాలంటే అక్కడి మనిషే కావాలి కదా, ఇదీ అంతే.

మూడో అర్థం డాలస్ అబ్బాయిది. దాని దగ్గరికి తర్వాత వద్దాం.

టీఏ అంటే ఏమిటి

టెరిటోరియల్ ఆర్మీ చట్టం 1948లో వచ్చింది. 1949 అక్టోబర్ 9న రాజాజీ దాన్ని లాంఛనంగా ప్రారంభించారు. ఏటా ఆ రోజునే టీఏ దినం జరుపుతారు. ఉద్దేశం సూటిగా ఉంటుంది. వేరే ఉపాధి ఉన్న పౌరులకు సైనిక శిక్షణ ఇచ్చి సిద్ధంగా ఉంచుకోవడం. అవసరమైనప్పుడు పిలిచి కాపలా లాంటి స్థిర విధులు వాళ్లకు అప్పగించి రెగ్యులర్ సైన్యాన్ని అసలు పోరుకు వదలడం. విపత్తులొస్తే, అత్యవసర సేవలు ఆగితే సాయానికి దింపడం. కావాల్సి వస్తే సైన్యానికి యూనిట్లనే అందించడం. 1962, 1965, 1971 యుద్ధాల్లో టీఏ యూనిట్లు పనిచేశాయి.

అందుకే నోటిఫికేషన్‌లో ఒక వాక్యం కుండబద్దలు కొట్టినట్టు ఉంటుంది: టీఏ పూర్తి కాలపు ఉద్యోగం కాదు, పెన్షన్‌కు హామీ లేదు. కోచింగ్ సెంటర్ కరపత్రం మీద ఆ వాక్యం ఉండదు. ‘వయసు 42 దాకా’ అన్నది మాత్రం పెద్దక్షరాల్లో ఉంటుంది. అది నిజమే. 18 నుంచి 42 ఏళ్ల దాకా చేరవచ్చు. జవానుకు పదో తరగతి, కొన్ని ట్రేడ్‌మెన్ పనులకు ఎనిమిదో తరగతి చాలు. ఆఫీసరుకు డిగ్రీ ఉండాలి, సంపాదన ఉండాలి. ఉద్యోగమైనా సరే, సొంత వ్యాపారమైనా సరే.

ఇక్కడ మన జిల్లాల పిల్లలు తరచూ పొరపడే విషయం ఒకటుంది. పోలీసు, పారామిలిటరీ దళాల్లో పనిచేస్తున్నవాళ్లు టీఏ ఆఫీసరు దరఖాస్తుకు అర్హులు కారు. రెగ్యులర్ సైన్యంలో ఉన్నవాళ్లూ అంతే. కానిస్టేబుల్ కొలువు కొట్టి, దాన్ని ఉంచుకుని, డిగ్రీ ఉంది కదా అని టీఏ లెఫ్టినెంట్‌గా కూడా చేద్దామని స్టేడియంలో లెక్కలేసుకునేవాళ్లను చూశాను. కుదరదు. శాంతిభద్రతలు చెడితే పోలీసును రెండు చోట్లకూ ఒకేసారి పిలవాల్సి వస్తుంది కదా. టీచరు, బ్యాంకు ఉద్యోగి, రైతు, దుకాణదారు, మా వాడిలాంటి సేల్స్‌మ్యాన్, వీళ్లకే ఈ తలుపు. ప్రభుత్వోద్యోగి అయితే పై అధికారి నుంచి అభ్యంతరం లేదన్న పత్రం తెచ్చుకోవాలి.

టీఏ ఇన్‌ఫాంట్రీ బెటాలియన్లు ఒక్కొక్కటీ ఒక రెగ్యులర్ రెజిమెంట్‌కు అనుబంధంగా ఉంటాయి. మనకు దగ్గర్లో ఉన్నది సికింద్రాబాద్‌లోని 125 ఇన్‌ఫాంట్రీ బెటాలియన్ టీఏ. అది బ్రిగేడ్ ఆఫ్ ది గార్డ్స్‌కు చెందినది. ఆ రెజిమెంట్ కేంద్రం నాగ్‌పూర్ పక్కన కామఠీలో ఉంది. కాజీపేటలో రైలెక్కి బల్లార్షా మీదుగా వెళ్తే వచ్చే ఊరే. ఏ రెజిమెంట్ బెటాలియన్‌లో పడితే ఆ రెజిమెంట్ అలవాట్లు, ఆ నినాదం, ఆ టోపీ మీద బ్యాడ్జీ వస్తాయి. కానీ జవానుగా ర్యాలీకి వెళ్లేవాడు ‘నాకు స్కౌట్ పోస్టు కావాలి’ అని అడిగే వీలుండదు. సోల్జర్ జనరల్ డ్యూటీ, క్లర్కు, వంట, క్షౌరం, బట్టలుతుకు లాంటి ట్రేడ్లు, ఇవే ఉంటాయి. స్కౌట్ అనే గడి దరఖాస్తులో లేదు.

ఆఫీసరు దారి ఇంకా ఇరుకు. 2025 నోటిఫికేషన్‌లో ఖాళీలు 19, అందులో మహిళలకు 1. టీఏ తలుపు మహిళలకు తెరుచుకోవాలంటే 2018లో ఢిల్లీ హైకోర్టు చెప్పాల్సి వచ్చింది. రాతపరీక్ష, ఇంటర్వ్యూ, ఆ తర్వాత ఎస్‌ఎస్‌బీ (సర్వీస్ సెలక్షన్ బోర్డు) పరీక్షలు, మెడికల్. దేశం మొత్తానికి 19 అంటే మన ఉమ్మడి వరంగల్ నుంచి ఒక్కరొచ్చినా పేపర్లో ఫొటో పడాలి.

స్పెషలిస్ట్ శిక్షణ ఎవరి చేతిలో ఉంటుంది

అసలు చిక్కు ఇక్కడే. కోర్సు అనగానే మనకు కాలేజీ గుర్తొస్తుంది. దరఖాస్తు పెడతాం, ఫీజు కడతాం, సీటొస్తే చదువుతాం. సైన్యంలో కోర్సుకు మనిషి దరఖాస్తు పెట్టుకోవడంతో పని జరగదు, యూనిట్ పంపాలి. కమాండో శిక్షణకు బెళగావి, అడవి యుద్ధానికి మిజోరంలోని వైరెంగ్టె, మంచుకొండలకు గుల్‌మర్గ్, ఇన్‌ఫాంట్రీ విద్యలకు మధ్యప్రదేశ్‌లోని మహూ. ఈ స్కూళ్లలో సీట్లు పరిమితం. యూనిట్‌కు సీటు వస్తే ఎవరిని పంపాలో కమాండింగ్ ఆఫీసరు నిర్ణయిస్తాడు. వెళ్లొచ్చినవాడు అక్కడ నేర్చుకున్నది తిరిగొచ్చి పది మందికి నేర్పాలి. యూనిట్‌కు దక్కాల్సిన లాభం అదే.

ఇప్పుడు రిజర్వు సైనికుణ్ని ఈ లెక్కలో పెట్టి చూడండి. ఆఫీసరైతే మొదటి ఏడాది నెల రోజుల ప్రాథమిక శిక్షణ, ఏటా రెండు నెలల వార్షిక శిక్షణ, మొదటి రెండేళ్లలో చెన్నై ఆఫీసర్స్ ట్రైనింగ్ అకాడమీ (ఓటీఏ)లో మూడు నెలలు. జవానుకు రిక్రూట్ శిక్షణ, ఆ తర్వాత ఏటా వార్షిక శిక్షణ. ఏడాదిలో పది నెలలు నర్సంపేటలో ట్రాక్టర్లు అమ్ముకునేవాణ్ని కోర్సుకు పంపితే, వాడు నేర్చుకున్నది యూనిట్‌కు ఎప్పుడు ఉపయోగపడుతుంది? కమాండింగ్ ఆఫీసరు కుర్చీలో మీరున్నా విధుల్లో నిలకడగా ఉన్నవాణ్నే పంపుతారు. కాబట్టి టీఏలో ప్రత్యేక శిక్షణ కోరుకునేవాడు అడగాల్సిన మొదటి ప్రశ్న ‘ఏ కోర్సులున్నాయి’ అన్నది కాదు. ‘ఈ బెటాలియన్ ఇప్పుడు ఎంబాడీ అయి ఉందా, ఎక్కడుంది’ అన్నది.

ఎంబాడీ అంటే పిలుపు వచ్చి పూర్తి కాలం విధుల్లోకి వెళ్లడం. ఆ కాలంలో రెగ్యులర్ జవానుకు ఉన్న జీతమే టీఏ జవానుకూ ఉంటుంది. మూలవేతనం 21,700తో మొదలై, పైన మిలిటరీ సర్వీస్ పే 5,200. శిక్షణ గానీ పిలుపు గానీ లేని కాలంలో జీతం లేదు. అలా ఎంబాడీ అయి కశ్మీర్‌కు వెళ్లే యూనిట్లు ముందు అక్కడి కోర్ బ్యాటిల్ స్కూల్లో శిక్షణ పొందుతాయి. ఆకస్మిక దాడి, గాలింపు, మందుపాతరల గుర్తింపు అక్కడ నేర్పుతారు. మామూలు టీఏ జవానుకు దొరికే ‘స్పెషల్ ట్రైనింగ్’ నిజానికి ఎక్కువగా ఇదే. దీనికి బ్యాడ్జీ రాదు. ప్రాణం మీదికి వచ్చినప్పుడు పనికొచ్చేది మాత్రం ఇదే.

పారా సంగతి వేరు. టీఏలో పారాచూట్ బెటాలియన్లు రెండున్నాయి. 106 బెంగళూరులో, 116 నాసిక్ దగ్గర దేవళాలిలో. వీటిలో స్వచ్ఛందంగా ముందుకొచ్చి, ప్రొబేషన్ తట్టుకున్నవాళ్లు ఆగ్రాలోని పారాట్రూపర్స్ ట్రైనింగ్ స్కూల్‌కు వెళ్తారు. అక్కడ విమానం నుంచి ఐదు జంప్‌లు పూర్తి చేస్తే రెక్కల బ్యాడ్జీ వస్తుంది. ధోనీ కథ అందరికీ తెలుసు. 2011లో 106లో గౌరవ లెఫ్టినెంట్ కర్నల్ హోదా వచ్చింది, 2015 ఆగస్టులో ఆగ్రా వెళ్లి ఐదు జంప్‌లూ చేశాడు, 2019లో రెండు వారాలు కశ్మీర్‌లో గస్తీ, కాపలా విధులు చేశాడు. అదే ఏడాది వరల్డ్ కప్‌లో అతని గ్లవ్స్ మీద బలిదాన్ గుర్తు చూసి ఐసీసీ అభ్యంతరం చెప్పిన గొడవా గుర్తుండే ఉంటుంది. మా వాడి గందరగోళంలో సగం ఆ గ్లవ్స్ వల్లే వచ్చింది. బలిదాన్ బ్యాడ్జీ పారా స్పెషల్ ఫోర్సెస్‌ది. విమానం నుంచి దూకడం నేర్చుకున్నవాడు పారాట్రూపర్. స్పెషల్ ఫోర్సెస్‌లో చేరడం ఇంకో లోకం. దాని ప్రొబేషన్ నెలల తరబడి సాగుతుంది, నిలబడేవాళ్లు కొద్దిమందే. రెండిటికీ మెరూన్ టోపీ ఒకటే కావడంతో బయటివాళ్లకు తేడా తెలియదు.

కమాండో అంటే మరి? ఇన్‌ఫాంట్రీ బెటాలియన్‌లో ఘాతక్ ప్లాటూన్ ఒకటుంటుంది. శత్రువు వెనక్కి వెళ్లి దెబ్బతీసే, ముందుగా చూసిరాగల దాదాపు ఇరవై మంది గుంపు. బెళగావి కమాండో కోర్సు ప్రధానంగా వీళ్ల కోసమే. స్కౌట్ పని, కమాండో శిక్షణ రెండూ ఒకేచోట కలిసేది ఇక్కడ. ఇది రెగ్యులర్ బెటాలియన్ల బతుకు. ఏడాది పొడవునా కలిసి తిని, కలిసి నడిచి, ఒకరి అడుగు చప్పుడు ఇంకొకరికి తెలిసిన మనుషులతోనే ఆ గుంపు తయారవుతుంది.

అలాగని టీఏని తక్కువ చేసి చూడొద్దు. 2019లో అశోక చక్ర, శాంతి కాలంలో ఇచ్చే అత్యున్నత శౌర్య పురస్కారం, మరణానంతరం లాన్స్ నాయక్ నజీర్ అహ్మద్ వానీకి దక్కింది. ఆయన టీఏ మనిషి, 162 బెటాలియన్. 2018 నవంబర్‌లో షోపియాన్ దగ్గర ఉగ్రవాదులతో పోరులో చనిపోయాడు. అంతకుముందే రెండుసార్లు సేనా మెడల్ అందుకున్నాడు. కశ్మీర్‌లోని ఆ ‘హోమ్ అండ్ హార్త్’ బెటాలియన్లు స్థానికులతో నిండినవి. సందు సందూ తెలిసినవాళ్లు, మాట యాసను బట్టి ఏ ఊరివాడో చెప్పగలవాళ్లు. రిజర్వు దళంలో స్కౌట్ పని అసలు సిసలుగా జరిగేది అక్కడ. దానికి అర్హత ఏ కోర్సూ ఇవ్వదు, పుట్టిన ఊరు ఇస్తుంది. మళ్లీ లద్దాఖ్ స్కౌట్స్ సంగతే.

డాలస్ అబ్బాయి చెప్పింది ఎందుకు నిజం

అమెరికా సైన్యంలో కావల్రీ స్కౌట్ (ముందు వెళ్లి శత్రువును చూసొచ్చేవాడు) అన్నది ఒక ఉద్యోగం పేరు. 19డీ అని దానికి కోడ్ కూడా ఉంటుంది. నేషనల్ గార్డ్ అక్కడి రిజర్వు దళాల్లో ఒకటి. నెలకో వారాంతం, ఏడాదికి రెండు వారాలు అన్నది వాళ్ల పాత మాట. పౌరసత్వమో గ్రీన్‌కార్డో ఉన్నవాడు రిక్రూటర్ దగ్గర కూర్చుని, తన దగ్గర్లోని యూనిట్‌లో స్కౌట్ ఖాళీ ఉంటే ఆ పనినే ఒప్పందంలో రాయించుకోవచ్చు. మన టీఏ దరఖాస్తులో లేని గడి అదే. వాళ్లకు అది మొదటి పేజీలోనే ఉంటుంది.

అయితే వీడియోల్లో రానివి కొన్నున్నాయి. నెలకో వారాంతం అనే బతుకు మొదలయ్యే ముందు జార్జియా రాష్ట్రంలోని ఫోర్ట్ బెన్నింగ్‌లో దాదాపు ఐదు నెలలు ఏకబిగిన శిక్షణ ఉంటుంది. చదువో ఉద్యోగమో అంతకాలం పక్కన పెట్టాల్సిందే. ఆ తర్వాత కఠినమైన పోరాట శిక్షణ ఇచ్చే రేంజర్ స్కూల్‌కో, దూరం నుంచి గురిపెట్టి కాల్చడం నేర్పే స్నైపర్ కోర్సుకో వెళ్లాలంటే అక్కడా యూనిట్ పంపాలి. అందులోనూ రేంజర్ స్కూల్‌కు వెళ్లే గార్డ్ సైనికులకు ముందు వడపోతగా ఒక శిక్షణ ఉంటుంది. అది దాటితేనే రెండు నెలల అసలు కోర్సు. పైగా 2024లో అమెరికా సైన్యం తన కావల్రీ స్క్వాడ్రన్లలో కొన్నిటిని రద్దు చేస్తున్నట్టు ప్రకటించింది. డ్రోన్లు చూసిరాగల చోటుకు మనుషుల్ని ఎందుకు పంపాలన్న చర్చ అక్కడ గట్టిగానే నడుస్తోంది. డాలస్ అబ్బాయి ఈ మధ్య వీడియోలు తగ్గించాడు. కారణం ఇదో, పిల్ల పుట్టడమో నాకు తెలియదు.

పిలుపు వస్తే

2025 మే 6న కేంద్రం ఒక ఉత్తర్వు ఇచ్చింది. టీఏ నిబంధనల్లోని 33వ నిబంధన కింద, అవసరమైతే టీఏలోని ప్రతి ఆఫీసరునూ ప్రతి జవానునూ పిలిచే అధికారం సైన్యాధ్యక్షుడికి దక్కింది. ఉన్న 32 ఇన్‌ఫాంట్రీ బెటాలియన్లలో 14ను విధుల్లోకి తీసుకోవడానికి ఆమోదం కూడా అందులోనే ఉంది. ఉత్తర్వు గడువు 2028 ఫిబ్రవరి 9 దాకా. ఆపరేషన్ సిందూర్ రోజులవి. స్టేడియంలో ఆ వారం ఉరికేవాళ్ల సంఖ్య ఒక్కసారిగా పెరిగింది. వారం దాటాక మళ్లీ తగ్గింది.

పిలుపు వస్తే రెండు నెలల లెక్క చెల్లదు. ఏళ్ల తరబడి ఉండాల్సి రావచ్చు. విధుల నుంచి తిరిగొచ్చినవాణ్ని పాత ఉద్యోగంలోకి తీసుకోవాలని టీఏ చట్టం యజమానికి బాధ్యత పెట్టింది. ప్రభుత్వోద్యోగికి ఇది కొండంత అండ. ఏడుగురు పనిచేసే షోరూంలో చట్టం మాట ఎత్తేలోపే ఆ కుర్చీలో ఇంకొకడు కూర్చుని ఉంటాడు. ఇక పెన్షన్. జవానుకు 15 ఏళ్లు, ఆఫీసరుకు 20 ఏళ్లు ఎంబాడీ అయిన సర్వీసు ఉండాలి. చేరిన ఏళ్లు కాదు, విధుల్లో ఉన్న రోజులన్నీ కలిపి లెక్క. ఏటా రెండు నెలలు మాత్రమే వెళ్లేవాడికి 15 ఏళ్లు నిండాలంటే 90 ఏళ్లు పడుతుంది. ఈ లెక్క కాగితం మీద వేసి చూపిస్తే మా వాడు చాలాసేపు మాట్లాడలేదు.

ఇంటర్, డిగ్రీలో ఉన్న పిల్లలకైతే నేను ఇంకో మాట చెబుతాను. స్కౌట్ పని రుచి చూడాలంటే కాలేజీలో ఎన్‌సీసీ ఉందేమో చూడండి. ఫీల్డ్ క్రాఫ్ట్, మ్యాప్ రీడింగ్, దూరం అంచనా, అన్నీ అక్కడ దొరుకుతాయి. ఫీజు లేదు, పైగా టిఫిన్ పెడతారు. ‘సి’ సర్టిఫికెట్ తర్వాత ఎటు వెళ్లినా అక్కరకొస్తుంది. వయసుంటే రెగ్యులర్ సైన్యం దారి పట్టండి, స్పెషలిస్ట్ శిక్షణ మీద నిజంగా మనసుంటే తలుపు అక్కడ ఉంది. అగ్నివీర్ పరుగులో 1600 మీటర్లు 5 నిమిషాల 30 సెకన్లలోపు వస్తే 60 మార్కులు, పది పులప్స్‌కు 40.

మా వాడు వీటిలో దేనికీ చెందడు. వాడికి మిగిలింది టీఏ జవాను దారి ఒక్కటే. స్కౌట్ గడి లేదని, పారా కావాలంటే బెంగళూరులోనో దేవళాలిలోనో ర్యాలీ పడేదాకా ఆగాలని, కమాండో మాట మరిచిపొమ్మని చెప్పాను. వాడు అన్నీ విని, “అయితే గూడ పోత మామా. సంవత్సరానికి రెండు నెలలు దొరికినా చాలు” అన్నాడు. సరే, ముందు మీ షోరూంలో అడుగు అన్నాను.

మర్నాడు సాయంత్రం ఫోన్ చేశాడు. మేనేజర్ కోప్పడలేదట. మంచి పనే అన్నాడట. తర్వాత గోడకున్న క్యాలెండర్ దగ్గరికి వెళ్లి నిలబడి, “రెండు నెలలంటే ఏ రెండు నెలలు?” అని అడిగాడట. అది వాళ్లు చెప్పినప్పుడే అన్నాడట మా వాడు. మేనేజర్ జూన్ పేజీ ఒకసారి, దసరా పేజీ ఒకసారి తిప్పి చూశాడట. “వానకాలం ముంగట వద్దు, దసరాకు వద్దు. మిగతాది ఎప్పుడన్న పో” అన్నాడట.